చీపుళ్ళెత్తి గెలిపించిన దొర

కిల్‌డ్రోన్ ఊళ్ళో పిండిమర నడిపే ఏబెల్ టాష్‌ను గొప్పవాడని ఎవరూ అనలేదు. భార్య గ్రిజెల్ చెవిన ఆ మాట పడితే పొయ్యి దగ్గర చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేది. ఏడాదిలో ఎక్కువ భాగం అతను తెల్లటి గడ్డంతో, తెల్లటి కనుబొమ్మలతో, పిండిలో దొర్లిన పిల్లిలా తిరిగేవాడు. మర దొరగారిది. మర కింద నేల దొరగారిది. చక్రం తిప్పే వాగు కూడా దొరగారిదే. అందుకని కోటలోంచి ఎవరొచ్చినా, చివరికి వంటవాడొచ్చినా, ఏబెల్ టోపీ తీసి చంకలో పెట్టుకునేవాడు. ఆ టోపీ తలమీద కంటే చంకలోనే ఎక్కువ కాలం బతికింది.

అయితే చలికాలం ముదిరితే మర వెనక మడుగు గడ్డకట్టేది, చక్రం ఆగిపోయేది. ఆ ఉదయం ఏబెల్ గుమ్మంలోంచి ఒక గులకరాయి విసిరేవాడు. అది మంచు మీద కీచుమంటూ అవతలి ఒడ్డుదాకా పోయిందా, టోపీ తలమీద గట్టిగా అదుముకుని బయటికి నడిచేవాడు. మళ్ళీ మంచు కరిగేదాకా ఆ టోపీ ఎవరికోసమూ లేచేది కాదు. ఎందుకంటే రాళ్ళాటలో అతను కిల్‌డ్రోన్ జట్టుకి ఆటపెద్ద.

రాళ్ళాట గురించి మా వైపు ఊయలలో పిల్లని అడిగినా చెబుతుంది. పిడి ఉన్న బరువైన నున్నటి రాయిని ఒకడు మంచు మీద జార్చి వదులుతాడు. ఇద్దరు దాని ముందు పరుగెడుతూ చీపుళ్ళతో మంచును ఊడుస్తారు. ఊడ్చినకొద్దీ రాయి దూరం పోతుంది. అవతలి కొసన గుండ్రటి గీతల మధ్య గురి దగ్గర ఆటపెద్ద నిలబడి కేకలేస్తాడు. ఎవరి రాయి గురికి దగ్గరగా ఆగితే వాళ్ళది పైచేయి. ఇంతే ఆట. దీనికోసం మావాళ్ళు పెళ్ళిళ్ళు వాయిదా వేశారు. ఒకసారి శవాన్ని కూడా ఇంట్లోనే ఉంచేశారు. పోయినాయన కూడా ఆటగాడే కాబట్టి ఏమీ అనుకోలేదు.

మంచుకి దాని కట్టుబాట్లు దానికున్నాయి. మంచు మీద బిరుదులు లేవు, ఆటపెద్ద మాటే మాట. మంచు మీద రాజకీయం ఎత్తకూడదు. ఒక్క ముక్క నోరు జారినా ఆ రోజుకి ఆట వదిలి ఒడ్డున కూర్చోవాలి. ఈ కట్టుబాటు పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని, నీలం పార్టీవాడూ పసుపు పార్టీవాడూ చేతిలో రాళ్ళు పెట్టుకుని వాదించుకుంటే ఏమవుతుందో చూసినవాడే అయివుంటాడు. ఆపైన, ఆటపెద్ద 'చీపుళ్ళు పైకి' అని అరిచాడంటే మంచు మీద ఉన్న ప్రతివాడూ, ఏ ఊరివాడైనా సరే, చీపురు తలపైకి ఎత్తి నిలబడాలి. రాయి తన బలం మీద తను పోతోంది, ఎవరూ చెయ్యి పెట్టడం లేదు అని అందరికీ కనబడాలి. ఎత్తనివాడిని దొంగ కింద జమకడతారు. తండ్రి దొంగ అంటే పిల్లలకి సంబంధాలు దొరకవు.

ఇక దొరగారు. సర్ లూడోవిక్ డ్రమ్‌విన్నీ పెద్ద వంశంలో పుట్టాడు, ఇంగ్లండు బడిలో చదివాడు, అక్కడినుంచి జలుబు తప్ప ఏమీ తెచ్చుకోలేదు. గుర్రం ఎక్కితే గుర్రమే సిగ్గుపడేది. వేటకి పోతే జింకలు నిశ్చింతగా మేసేవి, పక్కనున్న వేటగాళ్ళు మాత్రం చెట్ల వెనక నక్కేవాళ్ళు. చేతులు చూస్తే మోకాళ్ళదాకా వేలాడేవి. పురాణాల్లో అలాంటివాణ్ణి ఆజానుబాహుడంటారు. వాళ్ళమ్మ, పెద్ద దొరసాని యుఫీమియా, కోతి అనేది.

తండ్రి పోయి దొరతనం చేతికొచ్చిన చలికాలమే అతను ఏదో ఆలోచిస్తూ గడ్డకట్టిన మడుగు మీదుగా అడ్డంగా నడిచి వచ్చాడు.

"ఎవడ్రా అది, గురి మీద కాళ్ళేసింది?" అని అరిచాడు ఏబెల్.

"నేను... లూడోవిక్‌ని."

"ఏ విక్కువైతే నాకేంట్రా. గీతలన్నీ చెరిపేశావు. ఆ చీపురు అందుకో. రాయి వస్తోంది, ఊడ్చు. నడుం వంచి ఊడ్చరా, దువ్వుతున్నావేంటి, అది మీ అత్త తల కాదు."

అతను ఊడ్చాడు. ఆ పొడవాటి చేతులు ఒక్కసారి కదిలాయంటే మంచు అద్దమైపోయింది. చచ్చినట్టు మధ్యలో ఆగిపోవాల్సిన రాయి గురిదాకా వచ్చి కూర్చుంది. ఏబెల్ నోరు తెరిచాడు. లూడోవిక్ అంతకంటే పెద్దగా తెరిచాడు. జీవితంలో తనని తిట్టినవాళ్ళు చాలామందే గాని, పని చేతికిచ్చి తిట్టినవాడు ఇతనొక్కడే. ఆ రోజు సాయంత్రం కోటకి వెళ్ళి తల్లితో అదే చెప్పాడట. పెద్ద దొరసాని మూర్ఛపోవడానికి కుర్చీ వెతుక్కుంది.

అప్పటినుంచి మంచు మీద వాళ్ళిద్దరూ ఒరేయ్ లూడీ, ఏంటి పెద్దా అని పిలుచుకునేవాళ్ళు. ఒడ్డెక్కితే మాత్రం చూసేవాళ్ళకి జాలేసేది. ఆదివారం చర్చి గుమ్మంలో ఎదురుపడితే ఏబెల్ టోపీ చంకలోకి వెళ్ళిపోయేది.

"వాతావరణం... బాగానే ఉంది, టాష్," అనేవాడు దొర.

"తమరి దయ, దొరగారూ," అనేవాడు ఏబెల్.

తర్వాత ఇద్దరూ తమ బూట్లు చూసుకునేవాళ్ళు. ఇద్దరికీ బోలెడు చెప్పుకోవాలని ఉండేది. మంచు లేక నోరు పెగిలేది కాదు.

ఏబెల్‌కి జీవితంలో ఒకే ఒక్క కోరిక. పక్క ఊరు బల్‌గారీని ఓడించాలి. బల్‌గారీ ఆటపెద్ద పిటర్‌కిన్ బీరు కాచి ధనవంతుడైనవాడు. పొట్ట ముందు నడిచేది, మనిషి వెనక వచ్చేవాడు. ఏబెల్ ఎన్నిసార్లు తలపడినా వెంట్రుకవాసిలో ఓడిపోయేవాడు. గెలిచినవాళ్ళకిచ్చే వెండి పతకాన్ని పిటర్‌కిన్ తన కుక్క మెడకి కట్టాడు. ఆ కుక్క వారానికోసారి కిల్‌డ్రోన్ వచ్చి, మర ముందు కూర్చుని, తీరిగ్గా గోక్కునేది. పతకం గలగలమనేది. ఏబెల్ ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు.

అంతలో ఏబెల్ మోకాళ్ళు పట్టేశాయి. రాయి వదలాలంటే వంగాలి, వంగితే లేవలేడు. ఆఖరి రాళ్ళు వదిలే పని శ్మశానంలో గుంతలు తవ్వే నీల్‌కి అప్పగించి, తను గురి దగ్గర నిలబడి దారి చూపడం వరకే ఉంచుకున్నాడు. ఇంకెన్ని చలికాలాలు నిలబడగలడో అతనికే తెలియదు. లూడోవిక్ చేతిలో చీపురుంటే గెలవొచ్చు, లేకపోతే లేదు. ఆ సంగతి కుక్కకి కూడా తెలుసు.

సరిగ్గా ఆ ఏడు జనవరిలో మా జిల్లా పార్లమెంటు సభ్యుడు లండన్‌లో విందు మధ్యలో కన్నుమూశాడు. నీలం పార్టీవాళ్ళు వచ్చి పెద్ద దొరసానితో మాట్లాడుకుపోయారు. పసుపు పార్టీ తరఫున పిటర్‌కిన్ అప్పటికే కొత్త టోపీ కుట్టించుకున్నాడు.

లూడోవిక్ మడుగు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. రాజకీయం కాబట్టి ఒడ్డు మీదే ఆగాడు. ఏబెల్ మంచు దిగి వచ్చి టోపీ తీశాడు.

"టాష్, మా అమ్మ నన్ను పార్లమెంటుకి నిలబెట్టింది."

"చాలా సంతోషం, దొరగారూ."

"గెలిస్తే ప్రతి ఫిబ్రవరీ లండన్‌లో ఉండాలి. అక్కడ మంచు పడ్డా బురదేనట."

 ఏబెల్ వెనక్కి రెండడుగులు వేసి మంచెక్కి, టోపీ తలకి తగిలించి, "ఒరేయ్ లూడీ, బుద్ధుందా నీకు? నువ్వెళ్ళిపోతే ఊడ్చేదెవడ్రా, మా ఆవిడా?" అన్నాడు.

"నన్నడిగి నిలబెట్టారా పెద్దా? ఈ ఎన్ని..."

"ఆగు. ఆ మాట ఇక్కడ అనకు."

మళ్ళీ ఇద్దరూ ఒడ్డెక్కారు. మళ్ళీ టోపీ చంకలోకి వెళ్ళింది. ఇలా మంచెక్కుతూ దిగుతూ, తిట్టుకోవలసినవి అక్కడా చెప్పుకోవలసినవి ఇక్కడా మాట్లాడుకుంటుంటే, బట్టలు ఆరేస్తున్న గ్రిజెల్ చూసి వీళ్ళకి పిచ్చి పట్టిందని తీర్మానించింది. చివరికి దొరగారి బుర్రలోనే ఉపాయం తట్టింది. అభ్యర్థుల పేర్లు చదివి జనం చేత చేతులెత్తించేది జిల్లా పట్నంలో, చెక్క వేదిక ముందు. అక్కడికి తను వెళ్ళకపోతే ఎవడూ చెయ్యెత్తడు. పిటర్‌కిన్ గెలుస్తాడు, వాడికి కావలసిందీ అదే. పార్లమెంటు వాడికి, పతకం మనకి.

"దొరగారి తెలివి దొరగారిదే," అన్నాడు ఏబెల్ టోపీ నలుపుతూ. ఒడ్డు మీద అతను మనసారా అన్న మాట అదొక్కటేనేమో.

వేదిక ఎక్కాల్సిన రోజుకి ముందు రోజు చలి విరుచుకుపడింది. పక్షులు కొమ్మలకి అతుక్కుపోయాయి. ఏబెల్ విసిరిన గులకరాయి అవతలి ఒడ్డు దాటి పొలంలో పడింది. వెంటనే బల్‌గారీకి కబురు పంపాడు, రేపే రమ్మని. పిటర్‌కిన్ ఇరకాటంలో పడ్డాడు. రానంటే భయపడ్డాడంటారు. పొద్దున్నే ఆడేసి మధ్యాహ్నానికల్లా గుర్రబ్బండిలో పట్నం చేరుకోవచ్చని లెక్కవేసుకుని, కొత్త టోపీతోనే వచ్చేశాడు. వెంట కుక్క, కుక్క మెడలో పతకం.

మడుగు మీదకి జిల్లా అంతా దిగింది. అన్ని ఊళ్ళ జట్లూ పక్కపక్కనే గీతలు గీసుకుని ఆడుతున్నాయి. పట్నంలో ఎన్నిక జరిపించే షెరీఫ్‌గారు వేదికెక్కి చూస్తే ఎదురుగా చేపల బుట్ట ముందేసుకున్న ఒక ముసలమ్మ తప్ప ఎవరూ లేరు. ఆవిడ కూడా అటు తిరిగి కూర్చుంది. ఈ షెరీఫ్ సముద్రపు ఒడ్డు మనిషి, కొత్తగా వచ్చాడు. చలికాలంలో జనం ఎక్కడికి పోతారో ఎరగడు. పేర్లు రాసుకున్న కాగితం మడిచి ఇంటికి పోదామనుకున్నాడు. కాని పక్కన బండిలో పెద్ద దొరసాని ఉంది.

"జనం ఎక్కడుంటే వేదిక అక్కడికి పోవాలి," అంది ఆవిడ.

"అమ్మా, చట్టం ప్రకారం..."

"ఆ వేదికకి కలప ఎవరి అడవిలోదో తెలుసునా మీకు?"

గడ్డి తోలే బండి మీద వేదికని ఎక్కించారు. వేదిక మీద కుర్చీ, కుర్చీలో షెరీఫ్, షెరీఫ్ మీద మూడు కంబళ్ళు, పక్కన పెద్ద దొరసాని. దేవుడి ఊరేగింపులా ఆ బండి కిల్‌డ్రోన్ దారి పట్టింది. ఒడ్డు మీద, సరిగ్గా ఏబెల్ జట్టు ఆడుతున్న చోటికి ఎదురుగా వచ్చి ఆగింది.

అప్పటికి ఆట కొసకి వచ్చింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మిగిలినవి రెండే రాళ్ళు, కిల్‌డ్రోన్‌కి ఒకటి, బల్‌గారీకి ఒకటి. పక్క జట్లన్నీ ఆటలు ఆపేసి చుట్టూ మూగాయి. పిటర్‌కిన్ పట్నం సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. కొత్త టోపీ కుక్క కింద ఉంది.

నీల్ రాయి పట్టుకుని వంగాడు. గురి దగ్గర ఏబెల్ చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమనుషులారా," అని మొదలుపెట్టాడు బండి మీది షెరీఫ్. కంబళ్ళలోంచి ఆ గొంతు ఎవరికీ ఆనలేదు. లూడోవిక్ ఒక్కడే తలెత్తి చూశాడు, వేదిక మీద తల్లిని చూసి చీపురు వదిలేసినంత పని చేశాడు.

"లూడీ, ఇటు చూడరా. రాయి వదులుతున్నాడు."

రాయి కదిలింది. కాని నీల్ పిడి తొందరపడి వదిలేశాడు. సగం దారిలోనే దాని ఊపు చచ్చిపోయింది.

"ఊడ్చు," అన్నాడు ఏబెల్. ఆ తర్వాత అతని గొంతు కొండల్లో మోగింది. "ఊడ్చరా లూడీ, నీ వంశమంతా చూస్తోంది, ఊడ్చు. చేతులు దేనికిచ్చాడురా దేవుడు? ఊడ్చు."

లూడోవిక్ ఊడ్చాడు. తల్లి లేదు, షెరీఫ్ లేడు, లోకం లేదు. ముందు మంచు, వెనక రాయి, అంతే. రాయి పాకింది, దేకింది, ఆగబోయి మళ్ళీ కదిలింది. బండి మీద షెరీఫ్ కాగితం పైకెత్తి, పళ్ళు టకటకలాడుతుండగా చదివాడు. "సర్ లూడోవిక్ డ్రమ్‌విన్నీ గారిని ఈ జిల్లా సభ్యుడిగా కోరుకునేవాళ్ళు చేతులెత్తవలసింది."

ఏబెల్‌కి ఆ మాట వినబడలేదు. అతనికి రాయి ఒక్కటే కనబడుతోంది. ఇక ఊడిస్తే దాటిపోతుంది. ఇంతే, ఇక చాలు.

"చీపుళ్ళు పైకి," అని అరిచాడు.

మంచు మీద ఉన్న అన్ని ఊళ్ళ చీపుళ్ళూ ఒక్కసారిగా ఆకాశానికి లేచాయి. నీలం పార్టీవాళ్ళు ఎత్తారు, పసుపు పార్టీవాళ్ళు ఎత్తారు. ఏబెల్ ఎత్తాడు. లూడోవిక్ తనకి తనే ఎత్తుకున్నాడు. దొంగ అనిపించుకోవడం ఇష్టంలేక పిటర్‌కిన్ అందరికంటే ఎత్తుగా ఎత్తాడు. ఆ చీపుళ్ళ అడవి కింద రాయి చల్లగా జారి వచ్చి, సరిగ్గా గురి మీద కూర్చుంది.

షెరీఫ్ ఉద్యోగంలో అంతటి ఏకగ్రీవం చూడలేదు. ఎదుటి అభ్యర్థి కూడా చెయ్యెత్తాడు, ఎంతటి పెద్దమనిషి అనుకున్నాడు. చేతుల్లో చీపుళ్ళు ఉండకూడదని చట్టంలో ఎక్కడా లేదు. "మిస్టర్ పిటర్‌కిన్ గారి తరఫున?" అన్నాడు. ఒక్క చీపురూ లేవలేదు. అందరూ బల్‌గారీ ఆఖరి రాయి కోసం ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"సర్ లూడోవిక్ ఎన్నికైనట్టే. కాదు, ఒక్కొక్కరి ఓటూ లెక్కపెట్టాలి అనేవారుంటే ఇప్పుడే అడగాలి," అన్నాడు షెరీఫ్. ఈసారి గాలి ఇటు వీచింది. మాట అందరికీ వినబడింది.

పిటర్‌కిన్ రాయి పిడి పట్టుకుని ఉన్నవాడల్లా కొయ్యబారిపోయాడు. నోరు తెరిచి అడిగితే రాజకీయం, మంచు దిగిపోవాలి, ఆఖరి రాయి వదలకుండానే ఓటమి. ఒడ్డుకి పోయి అడిగొచ్చినా వంతు పోతుంది. అడగకపోతే పార్లమెంటు పోతుంది. అతని ముఖం ఎర్రబడి, ఊదారంగుకి తిరిగి, చివరికి అతని పార్టీ రంగులోకే వచ్చింది. గురి మీద ఏబెల్ రాయి కూర్చుని ఉంది. దాన్ని గెంటేస్తే పతకం మళ్ళీ కుక్కకే. అటు షెరీఫ్ గడియారం చూస్తున్నాడు.

ఇంకెక్కడైనా మనిషన్నవాడు నోరు తెరిచేవాడు. పిటర్‌కిన్ కూడా మావాడే. నోరు మూసుకుని రాయి వదిలాడు.

ఒంట్లో ఉన్న కోపమంతా ఆ రాయిలోకి పోయింది. అది ఏబెల్ రాయిని తాకనైనా తాకకుండా పక్కనుంచి దూసుకుపోయి, ఒడ్డుకి గుద్దుకుని, వేదికని ఊపేసింది. షెరీఫ్ కంబళ్ళతో సహా గడ్డిలో పడ్డాడు. పడుతూ పడుతూ ఎన్నిక ముగిసిందని ప్రకటించాడు.

కిల్‌డ్రోన్ గెలిచింది. గ్రిజెల్ పొయ్యి మీది కుండ వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఎవరో కుక్క మెడలోంచి పతకం విప్పి ఏబెల్ చేతిలో పెట్టారు. దాని మీద ఇంకా కుక్క వెంట్రుకలున్నాయి. ఏబెల్ నవ్వుతూ, ఏడుస్తూ, చుట్టూ చూస్తూ లూడీ ఎక్కడరా అన్నాడు.

లూడోవిక్ చీపురు దించకుండా అలాగే నిలబడి ఉన్నాడు.

"దించరా, అయిపోయింది. గెలిచాం."

"పెద్దా," అన్నాడు లూడోవిక్ మెల్లగా. "నేను వెళ్ళాల్సి వస్తుంది. ఎక్కడికో ఇక్కడ చెప్పకూడదు."

ఏబెల్ అప్పుడు తిరిగి ఒడ్డు వైపు చూశాడు. వేదిక మీద పెద్ద దొరసాని రుమాలు ఊపుతోంది. తన కేకే తన చేతిలోంచి చీపురు లాగేసుకుందని అతనికి అర్థమైంది. పతకం జేబులో వేసుకుని ఇంటికెళ్ళి, అన్నం తినకుండా పడుకున్నాడు.

లండన్‌లో సర్ లూడోవిక్ ఏం చేశాడని అడిగితే, ఊడ్చాడు. పార్లమెంటులో మాత్రం నోరు మెదపలేదు. ఒక మంచు కురిసిన రోజున సభకి పోతూ పోతూ, వీధి దాటేచోట ఊడ్చే మనిషి చేతిలోంచి చీపురు లాక్కుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఊడ్చేశాడట. దాటుతున్న పెద్దమనుషులు అతని టోపీలో చిల్లర వేశారట. వాళ్ళలో ఒకాయన మంత్రి అని చెప్పుకుంటారు. ఈ కబురు కిల్‌డ్రోన్ చేరినప్పుడు అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఏబెల్ నవ్వలేదు.

"వంగి ఊడ్చాడా, దువ్వాడా?" అని మాత్రం అడిగాడు.

ఇక్కడ లూడోవిక్ స్థానంలోకి బడిపంతులు వచ్చాడు. ఆయన ఊడ్చేముందు ఆలోచించేవాడు. ఆయన ఆలోచన తెమిలేలోగా రాయి ఆగిపోయేది. బల్‌గారీ మళ్ళీ గెలిచింది, పతకం మళ్ళీ కుక్క మెడకెక్కింది. మరుసటి చలికాలం వాన తప్ప ఏమీ లేదు. ఆ తర్వాతది వచ్చేసరికి ఏబెల్ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

"రమ్మని కబురంపకూడదటయ్యా?" అంది గ్రిజెల్.

"దొరగారిని రమ్మనడానికి నేనెవర్ని?"

"ఆ ముక్క ఒడ్డు మీద నిలబడి అంటున్నావు గదా. మంచెక్కి చెప్పు."

ఏబెల్ ఆమెను తేరిపార చూశాడు. తర్వాత కర్ర ఊనుకుంటూ మడుగు మీదకి పోయి, టోపీ సర్దుకుని, ఒడ్డున నిలబడ్డ భార్యతో చెప్పాడు. ఆమె రైలు స్టేషనుకి పోయి తంతి గుమాస్తాకి అప్పగించింది. గుమాస్తా కలం కింద పెట్టేశాడు.

"పార్లమెంటు సభ్యుడికి 'ఒరేయ్' అని తంతి కొడతామటమ్మా? కనీసం 'సర్' అని చేరుద్దాం."

"చేర్చావంటే చీపురు తిరగేస్తాను. ఆయన మంచు మీద నిలబడి చెప్పాడు. ఉన్నదున్నట్టు కొట్టు."

'ఒరేయ్ లూడీ, మడుగు గడ్డకట్టింది, రా' అని తంతి లండన్ పోయింది. అక్కడ ఆ సాయంత్రం కుక్కల మీద పన్ను వెయ్యాలని నీలం పార్టీవాళ్ళు తెచ్చిన బిల్లు మీద ఓటు పడబోతోంది. సర్ లూడోవిక్ తంతి చదువుకుని, టోపీ కూడా మరిచిపోయి స్టేషనుకి పరుగెత్తాడు. ఒక్క ఓటు తేడాతో బిల్లు వీగిపోయింది. ఆ పన్ను పడితే ఎక్కువ నష్టపోయేది గొర్రెల కాపరులూ పిటర్‌కిన్నూ. నీలం పార్టీవాళ్ళు మళ్ళీ లూడోవిక్‌ని నిలబెట్టే పేరెత్తలేదు. పెద్ద దొరసాని బతికినంతకాలం మర పిండితో చేసిన రొట్టె ముట్టలేదు. పిటర్‌కిన్ మాత్రం కుక్క తరఫున ఒక పీపా బీరు పంపాడు.

లండన్ కోటుతోనే, నలిగిన కళ్ళతోనే అతను మడుగు మీదకి దిగాడు.

"ఆలస్యం చేశావు," అన్నాడు ఏబెల్ మొహం పక్కకి తిప్పుకుని. "చీపురు అక్కడుంది, పోయి అందుకో."

ఆ తర్వాత ఎన్ని చలికాలాలు ఆడారో, ఎన్ని గెలిచారో, ఎన్ని ఓడారో మా ఊళ్ళో తలా ఒక మాట చెబుతారు. పతకం ఇటూ అటూ తిరిగింది. కుక్క పోయింది, దాని కొడుకు వచ్చింది. ఏబెల్ కర్ర వదిలి కుర్చీకి వచ్చాడు. మంచు మీద కుర్చీ వేయించుకుని అందులోంచే కేకలేశాడు. ఒక ఏడు మంచు బాగా గట్టిపడింది గాని అతను మంచం దిగలేకపోయాడు.

సర్ లూడోవిక్ చూడటానికి వచ్చాడు. ఏబెల్ తలమీద టోపీ లేదు, అయినా తీయబోయినట్టు చెయ్యి లేచింది.

"కూర్చోండి, దొరగారూ."

"ఎలా ఉన్నావు, టాష్?"

"తమరి దయ."

పొయ్యిలో నిప్పు చిటపటలాడింది. ఇద్దరూ బూట్ల కోసం చూశారు. ఒకరికి బూట్లు కూడా లేవు. సర్ లూడోవిక్ కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. మర దాటుతుంటే ఏడుస్తున్నాడని గ్రిజెల్ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే తలుపు దబదబ బాదారు. తెరిస్తే సర్ లూడోవిక్, వెనక నీల్. ఇద్దరూ కలిసి మడుగులోంచి కోసిన మంచుపలకని మోసుకొస్తున్నారు, తలుపంత ఉంది. దాన్ని మంచం పక్కన నేల మీద దించారు. సర్ లూడోవిక్ ఒక్కో అడుగూ జాగ్రత్తగా వేస్తూ దానిమీదకెక్కి, జారబోయి, చేతులు చాపి నిలదొక్కుకున్నాడు. తర్వాత ఏబెల్ వైపు చూశాడు.

ఏబెల్‌కి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. గోడ మేకుకి వేలాడుతున్న టోపీ అందుకుని తలకి తగిలించుకున్నాడు.

"ఒరేయ్ లూడీ," అన్నాడు. "ఇన్నాళ్ళు ఎక్కడ చచ్చావురా. నిన్న వచ్చి దిష్టిబొమ్మలా కూర్చుని పోయావు. ఆ చేతులేంటి, ఇంకా వేలాడుతూనే ఉన్నాయా?"

"వేలాడుతూనే ఉన్నాయి పెద్దా."

ఆ పొద్దంతా వాళ్ళు మాట్లాడుకున్నారు. ఒడ్డు మీద ఇన్నేళ్ళూ చెప్పుకోలేక మిగిలిపోయినవన్నీ చెప్పుకున్నారు. పెద్ద దొరసాని గురించీ, లండన్ చీపురు గురించీ, ఆ రోజు వేదిక మీదనుంచి షెరీఫ్ పడ్డ తీరు గురించీ. అది రాజకీయం కిందికి వస్తుందా రాదా అని కాసేపు తగాదా పడ్డారు. పొయ్యి సెగకి పలక అంచులు కరిగి నీళ్ళు గ్రిజెల్ వంటపాత్రల దాకా వచ్చాయి.

"దొరగారైతే ఏంటి, మహారాజైతే ఏంటి, నా ఇల్లంతా మడుగు చేశారు," అంది గ్రిజెల్.

సర్ లూడోవిక్ మూలనున్న చీపురు తీసుకుని, కరగని చిన్న ముక్క మీదే నిలబడి, నీళ్ళని గుమ్మం వైపు ఊడవడం మొదలుపెట్టాడు. ఏబెల్ దిండుకి ఆనుకుని గుమ్మం వైపు గురి చూస్తూ, ఊడ్చు, ఊడ్చరా, నడుం వంచు అంటూ దారి చూపించాడు. ఆఖరి చుక్క గడప దాటబోయేవేళకి అతని గొంతు సన్నబడిపోయింది.

"ఇక చాలు లూడీ. పైకెత్తు."

సర్ లూడోవిక్ చీపురు తలపైకెత్తాడు. మంచం మీదినుంచి ఏ మాటా రాకపోయినా చాలాసేపటిదాకా దించలేదు.